లినక్స్‌లో రిమోట్, లోకల్ సెషన్లు కొట్టుకుంటున్నాయా? వరసగా ఇలా సరిచేయండి

శుక్రవారం సాయంత్రం ఆఫీసులో ఉబుంటు మెషిన్ స్క్రీన్ లాక్ చేసి ఇంటికొచ్చారు. శనివారం పొద్దున ఇంట్లో ల్యాప్‌టాప్ తీసి, రిమోట్ డెస్క్‌టాప్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టారు. లాగిన్ అయినట్టే అయింది. తెర నల్లబడింది. రెండు సెకన్లు ఆగి విండో దానంతటదే మూసుకుపోయింది. పాస్‌వర్డ్ తప్పేమోనని మళ్లీ కొట్టారు, మళ్లీ అదే వరస.

ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి మొదటి నుంచి చివరిదాకా ఒకేచోట రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఉబుంటు 22.04, 24.04 మీదే. డెబియన్‌లోనూ చాలావరకు ఇలాగే పనిచేస్తుంది.

ఒక మాట: చదువుకోవడానికి వీలుగా కమాండ్లను, ఫైళ్ల పేర్లను కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషులోనే కొట్టాలి. నేను ప్రత్యేకంగా చెప్పినచోట తప్ప అన్నీ చిన్నక్షరాలే.

## 1. ముందు తేల్చుకోండి: అదే తెర కావాలా, కొత్త తెర కావాలా?

విండోస్ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. విండోస్‌లో రిమోట్‌గా లాగిన్ అయితే, అక్కడ తెరిచి పెట్టుకున్న డెస్క్‌టాపే మీ చేతికొస్తుంది, అక్కడి మానిటర్ లాక్ అయిపోతుంది. లినక్స్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ (ఆర్‌డీపీ అనే రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతికి లినక్స్‌లో వాడే సర్వర్) పెట్టుకుంటే అలా జరగదు. అది మీ పేరు మీద రెండో డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టబోతుంది. లోకల్‌గా తెరిచి ఉన్నదాని జోలికి పోదు.

రెండోది మొదలవకపోవడానికి కారణం ఉంది. ప్రతి యూజర్‌కీ సిస్టమ్‌లో ఒకే రన్‌టైమ్ ఫోల్డర్ ఉంటుంది: /రన్/యూజర్/1000 లాంటిది. చివరి నంబరు మీ యూజర్ ఐడీ. డీ-బస్ సెషన్ బస్ (డెస్క్‌టాప్‌లోని ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) అందులోనే ఉంటుంది. సర్వీసులను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్ కూడా యూజర్‌కు ఒక్కటే. ఉబుంటులో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్ గ్నోమ్. దాని 3.34 వెర్షన్ నుంచి డెస్క్‌టాప్ భాగాలన్నిటినీ సిస్టమ్‌డీయే నడిపిస్తోంది. లోపల ఒక గ్నోమ్ నడుస్తుండగా అదే యూజర్ పేరుతో ఇంకో గ్నోమ్ వస్తే, ఒకే ఒరలో రెండు కత్తులన్నట్టే. రెండోది పడిపోతుంది.

కాబట్టి మీకు కావాల్సింది వీటిలో ఏదో ముందే తేల్చుకోండి:

- ఆఫీసులో తెరిచి వదిలేసిన విండోలే ఇంట్లో కనిపించాలి: 6వ అంశానికి వెళ్లండి.
- కొత్త డెస్క్‌టాప్ అయినా పర్లేదు, పని జరిగితే చాలు: 5వ అంశం.
- రెండూ కావాలి: ఒకే యూజర్‌తో కుదరదు. 5.3 చూడండి.

2, 3, 4 మాత్రం అందరూ చేయాల్సినవే.

## 2. చేయి పెట్టేముందు

రిమోట్ డెస్క్‌టాప్‌ను రిమోట్ డెస్క్‌టాప్‌లోంచే బాగుచేయకండి. కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే అది. ఒకసారి నేనూ చేశాను. శనివారం మధ్యాహ్నం వాచ్‌మన్‌కు ఫోన్ చేసి, మూడో వరసలో ఐదో సీపీయూ బటన్ నొక్కమని బతిమాలుకున్నాను. ఆయన నాలుగోది నొక్కాడు.

అందుకని ముందు ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి టెర్మినల్‌లో లాగిన్ అయ్యే పద్ధతి) దారి తెరిచి పెట్టుకోండి:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్-సర్వర్

తర్వాత ఇవి సరిచూసుకోండి:

- ఇంటి నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో నిజంగా లాగిన్ అవుతోందా? ఆఫీసు నెట్‌వర్క్‌లో పనిచేసినంత మాత్రాన ఇంటి నుంచి పనిచేస్తుందని నమ్మకం లేదు.
- మార్చబోయే ప్రతి ఫైలుకూ పక్కనే ఒక కాపీ ఉందా?
- లోకల్ సెషన్‌లో సేవ్ చేయని ఫైళ్లేమైనా ఉన్నాయా?
- మెషిన్ దానంతటది నిద్రపోతోందా? లాగిన్ తెర దగ్గర ఎవరూ ముట్టుకోకపోతే గ్నోమ్ కాసేపటికి మెషిన్‌ను సస్పెండ్ చేసేయొచ్చు. చాలామంది దీన్నే సెషన్ గొడవ అనుకుంటారు.

నిద్ర మాన్పించాలంటే:

సుడో సిస్టమ్‌సీటీఎల్ మాస్క్ స్లీప్.టార్గెట్ సస్పెండ్.టార్గెట్

ల్యాప్‌టాప్ మీద మాత్రం ఇది చేయకండి. మూత వేసి బ్యాగులో పెట్టాక కూడా నడుస్తూనే ఉంటే వేడెక్కిపోతుంది.

## 3. లోపల ఎవరున్నారో చూడండి

ఎస్ఎస్‌హెచ్‌లో లాగిన్ అయి మొదట కొట్టాల్సింది ఇదీ:

లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్

వరసకో సెషన్ వస్తుంది. సీట్ అనే కాలమ్ చూడండి. అక్కడ "సీట్0" అని ఉంటే అది మానిటర్, కీబోర్డు ఉన్న లోకల్ సెషన్. ఖాళీగానో, గీతతోనో ఉంటే అది రిమోట్ డెస్క్‌టాపో, మీ ఎస్ఎస్‌హెచ్చో అయి ఉంటుంది. ఏదేమిటో తేలకపోతే నంబరు పట్టుకుని ఇంకో మాట అడగండి:

లాగిన్‌సీటీఎల్ సెషన్-స్టేటస్ 3

ఇందులో సర్వీస్ అనే లైను అసలు విషయం చెప్పేస్తుంది. జీడీఎం-పాస్‌వర్డ్ అని ఉంటే లాగిన్ తెర దగ్గర కూర్చుని తెరిచింది. ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మ్యాన్ అని ఉంటే రిమోట్‌లో తెరిచింది. ఎస్ఎస్‌హెచ్‌డీ అయితే ఇప్పుడు మీరు ఉన్నది, దాన్ని మాత్రం చంపకండి. కిందనే ఆ సెషన్‌లో నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా కూడా వస్తుంది.

మామూలుగా తగిలే పొరపాటు: లాక్ చేయడాన్ని, డిస్‌కనెక్ట్ అవడాన్ని లాగౌట్ అనుకోవడం. స్క్రీన్ లాక్ చేసినా లోపల సెషన్ నడుస్తూనే ఉంటుంది. రిమోట్ విండో ఇంటూ గుర్తు నొక్కి మూసినా అక్కడి సెషన్ బతికే ఉంటుంది. మెనూలోకి వెళ్లి లాగౌట్ నొక్కితేనే పోతుంది. లాగౌట్ అయ్యాక కూడా కొన్ని ప్రోగ్రాములు వెనకాల మిగిలిపోవచ్చు. ఉబుంటు, డెబియన్‌లలో లాగౌట్‌తో పాటే ప్రాసెస్‌లన్నీ చంపే ఏర్పాటు డిఫాల్ట్‌గా ఆపి ఉంటుంది.

## 4. పోర్టు ఎవరి చేతిలో ఉంది?

ఆర్‌డీపీ పోర్టు 3389. దానికి ఇద్దరు పోటీదారులు: మీరు పెట్టుకున్న ఎక్స్‌ఆర్‌డీపీ ఒకటి, గ్నోమ్‌తోనే వచ్చే గ్నోమ్-రిమోట్-డెస్క్‌టాప్ రెండోది. ఎవరు ముందు లేస్తే వాళ్లదే పోర్టు. అందుకే నిన్న పనిచేసింది ఈరోజు రీబూట్ తర్వాత పనిచేయదు.

సుడో ఎస్ఎస్ -టీఎల్ఎన్‌పీ

వచ్చిన జాబితాలో 3389 ఉన్న వరస చివర ప్రోగ్రాము పేరుంటుంది. రెండిట్లో ఒకటే ఉంచుకోండి. ఎక్స్‌ఆర్‌డీపీయే కావాలంటే సెట్టింగ్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ స్విచ్‌లు ఆపేయండి. గ్నోమ్‌దే కావాలంటే:

సుడో సిస్టమ్‌సీటీఎల్ డిజేబుల్ --నౌ ఎక్స్‌ఆర్‌డీపీ

ఇంకొకటి, 3389ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి. వీపీఎన్ లేకపోతే ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ చాలు: ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు -ఎల్ 3390:లోకల్‌హోస్ట్:3389 (ఇందులో గీత పక్కనున్న ఎల్ పెద్దక్షరం) అని ఇచ్చి, క్లయింట్‌ను లోకల్‌హోస్ట్ 3390కి కనెక్ట్ చేయండి.

## 5. ఎక్స్‌ఆర్‌డీపీలో నల్ల తెర

ముందు లాగ్ చూసి రోగం ఇదేనని నిర్ధారించుకోండి. /వార్/లాగ్ ఫోల్డర్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ-సెస్‌మ్యాన్.లాగ్ ఫైలు చివరి పాతిక లైన్లు చాలు. విండో మేనేజర్ 0 సెకన్లలోనో, 1 సెకనులోనో ముగిసిపోయిందన్న హెచ్చరిక ఉంటే, పాస్‌వర్డ్ సరైనదే, నెట్‌వర్క్ బాగానే ఉంది, డెస్క్‌టాప్ లేవలేకపోయింది అని అర్థం. ఆ హెచ్చరికే లేకపోతే ఈ అంశంలో మందు లేదు, మళ్లీ 4కు వెళ్లండి.

### 5.1 వెంటనే పని జరగాలంటే

లోకల్ సెషన్‌ను ముగించడమే:

లాగిన్‌సీటీఎల్ టర్మినేట్-సెషన్ 3

3 బదులు మీ సీట్0 సెషన్ నంబరు పెట్టండి. "సేవ్ చేయాలా" అని ఎవరూ అడగరు, సేవ్ చేయనివన్నీ పోతాయి. అర నిమిషం ఆగి రిమోట్‌లో ప్రయత్నించండి.

టర్మినేట్-యూజర్ అనే కమాండ్ కూడా ఉంది. అది మీ ఎస్ఎస్‌హెచ్‌తో సహా మీ పేరు మీదున్నవన్నీ ఊడ్చేస్తుంది. రాత్రంతా నడవాల్సిన ప్రోగ్రాము వెనకాల ఉంటే దీని జోలికి పోకండి.

### 5.2 అందరూ చెప్పే రెండు లైన్ల మందు

/ఈటీసీ/ఎక్స్‌ఆర్‌డీపీ ఫోల్డర్‌లో స్టార్ట్‌డబ్ల్యూఎం.ఎస్‌హెచ్ అనే ఫైలుంటుంది. దాని చివర ఎక్స్‌సెషన్‌ను పిలిచే రెండు లైన్లుంటాయి. వాటికి పైన ఇవి రాయమంటారు. అన్‌సెట్ తర్వాతి పేర్లు పెద్దక్షరాల్లో:

అన్‌సెట్ డీబస్_సెషన్_బస్_అడ్రస్
అన్‌సెట్ ఎక్స్‌డీజీ_రన్‌టైమ్_డిర్

కింద రాస్తే పనిచేయదు. ఎగ్జెక్ ఉన్న లైను దాటి స్క్రిప్టు ముందుకు పోదు. "రాశాను, అయినా అలాగే ఉంది" అనేవాళ్లలో చాలామంది చేసే తప్పు ఇదే.

సరిగ్గా రాస్తే తెర వస్తుంది, నిజమే. కానీ ఇది నొప్పి మాత్ర లాంటిది. కొత్త సెషన్‌కు అసలు బస్ ఎక్కడుందో తెలియకుండా చేస్తున్నామంతే. దాని ఫలితం మీకు ఫైర్‌ఫాక్స్ దగ్గర కనిపిస్తుంది. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ (ఉబుంటు సొంత ప్యాకేజీ పద్ధతి) ప్యాకేజీగా వస్తుంది. ఐకాన్ నొక్కితే గుండ్రం తిరిగి ఆగిపోతుంది. టెర్మినల్‌లో ఫైర్‌ఫాక్స్ అని కొడితే, సెషన్-12.స్కోప్ లాంటి పేరు చెప్పి "ఇది స్నాప్ సీగ్రూప్ కాదు" అన్న అర్థమిచ్చే ఎర్రర్ వస్తుంది. స్నాప్ తన పని మొదలుపెట్టాలంటే ముందు సిస్టమ్‌డీ యూజర్ మేనేజర్‌తో మాట్లాడాలి. ఆ దారినే మనం మూసేశాం. సౌండ్ రాకపోవడం, పాస్‌వర్డ్ కీరింగ్ (పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) తెరుచుకోకపోవడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఒక్క పూటకైతే ఈ మందు వాడండి. రోజూ వాడాల్సిన మెషిన్‌కు నేను పెట్టను.

### 5.3 రోజువారీ వాడకానికి: రిమోట్‌కు వేరే యూజర్

వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఎక్కువ కాలం నిలబడింది ఇదే. వేరే యూజర్ అంటే వేరే ఐడీ, వేరే రన్‌టైమ్ ఫోల్డర్, వేరే బస్. గొడవకు ఆస్కారమే ఉండదు.

వరస ఇదీ:

1. సుడో యాడ్‌యూజర్ కొట్టి కొత్త యూజర్‌ను పెట్టండి. ఇంటిపని అని పేరు పెట్టుకున్నా సరే, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో ఉంటే చాలు.
2. సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ఎక్స్‌ఎఫ్‌సీఈ4 కొట్టండి. ఎక్స్‌ఎఫ్‌సీఈ గ్నోమ్ లాంటిదే, ఇంకో డెస్క్‌టాప్. మధ్యలో డిస్‌ప్లే మేనేజర్ (లాగిన్ తెర చూపించే ప్రోగ్రాము) ఏది కావాలని అడిగితే జీడీఎం3నే ఉంచండి. ఇక్కడ లైట్‌డీఎం ఎంచుకుంటే లోకల్ లాగిన్ తెర మారిపోతుంది, రేపు ఆఫీసులో ఇంకో టెన్షన్.
3. కొత్త యూజర్‌గా లాగిన్ అయి, హోమ్ ఫోల్డర్‌లో .ఎక్స్‌సెషన్ అనే ఫైలు పెట్టండి. ముందు చుక్క మరిచిపోవద్దు. అందులో ఒకే మాట: ఎక్స్‌ఎఫ్‌సీఈ4-సెషన్.
4. రిమోట్‌లో ఆ యూజర్‌తో కనెక్ట్ అవ్వండి. లాగిన్ పెట్టెలో సెషన్ రకం ఎక్స్‌ఆర్గ్ ఉండాలి.

గ్నోమ్ బదులు ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎందుకంటే, ఎక్స్‌ఆర్‌డీపీ నడిపేది ఎక్స్11 (తెర మీద విండోలు చూపించే పాత పద్ధతి) డెస్క్‌టాప్‌లను. గ్నోమ్ వేలాండ్ అనే కొత్త పద్ధతి వైపు వెళ్లిపోతోంది. ఉబుంటు 25.10లో గ్నోమ్ ఎక్స్11 సెషన్‌ను తీసేశారు కూడా. పైగా మామూలు ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిగ్గా కదులుతుంది.

ఇక ఫైళ్ల సంగతి. "నా ఫైళ్లన్నీ పాత యూజర్ దగ్గరే ఉన్నాయిగా" అంటారు. ఉబుంటు 21.04 నుంచి కొత్తగా సృష్టించే హోమ్ ఫోల్డర్‌లోకి వేరే యూజర్ రాలేడు. దాని అనుమతులు మార్చేయకండి, అందులో మీ ఎస్ఎస్‌హెచ్ కీలు కూడా ఉంటాయి. బదులుగా /ఎస్ఆర్‌వీ కింద ఒక ఫోల్డర్ చేసి, ఇద్దరు యూజర్లనూ ఒక గ్రూపులో వేసి, ఫోల్డర్‌ను ఆ గ్రూపుకిచ్చి, ఛ్‌మోడ్ 2775 పెట్టండి. మొదటి అంకె 2 వల్ల లోపల ఎవరు కొత్త ఫైలు చేసినా అది గ్రూపు పేరు మీదే పడుతుంది. గ్రూపులో చేర్చాక ఇద్దరూ ఒకసారి లాగౌట్ అయి రావాలి, అప్పటిదాకా అనుమతి లేదనే అంటుంది.

## 6. తెరిచి పెట్టిన తెరే కావాలంటే

ఇక్కడ ఎక్స్‌ఆర్‌డీపీ అక్కర్లేదు. గ్నోమ్ సొంత ఏర్పాటు వాడండి. 22.04లో సెట్టింగ్స్, షేరింగ్‌లో ఉంటుంది. 24.04లో సెట్టింగ్స్, సిస్టమ్, రిమోట్ డెస్క్‌టాప్‌లో రెండు భాగాలుగా ఉంటుంది:

- డెస్క్‌టాప్ షేరింగ్: ఇప్పుడు తెరిచి ఉన్న తెరనే చూపిస్తుంది. మీకు కావాల్సింది ఇదే.
- రిమోట్ లాగిన్: గ్నోమ్ 46తో వచ్చింది. లోకల్‌గా మీరు లాగిన్ అయి లేనప్పుడు కొత్త సెషన్ ఇస్తుంది.

రెండూ ఆన్ చేస్తే రిమోట్ లాగిన్ 3389 తీసుకుంటుంది, షేరింగ్ 3390కి జరుగుతుంది. పోర్టు రాయకుండా కనెక్ట్ అయితే వెళ్లేది రిమోట్ లాగిన్‌కే. మీ లోకల్ సెషన్ నడుస్తుంటే అది అప్పటికే సెషన్ ఉందని చెప్పి ఆపుతుంది. క్లయింట్‌లో అడ్రస్ చివర :3390 చేర్చండి.

ఇక్కడ జనం ఎక్కువగా తికమకపడేది పాస్‌వర్డ్ దగ్గర. సెట్టింగ్స్‌లో రిమోట్ కోసం పెట్టే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ వేరు, మీ లాగిన్ పాస్‌వర్డ్ వేరు. రిమోట్ లాగిన్‌లో అయితే ముందు ఇది, తర్వాత లాగిన్ తెర మీద అసలుది, రెండుసార్లు కొట్టాలి.

షేరింగ్ మొండికేస్తే రెండు చోట్ల చూడండి.

స్క్రీన్ లాక్ అయి ఉందా? గ్నోమ్ షేరింగ్ లాక్ అయిన తెరలోకి రానివ్వదు. లాక్‌లోనూ రానిచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది, కానీ ఇంటి నుంచి మీరు అన్‌లాక్ చేసిన క్షణం ఆఫీసు మానిటర్ మీదా అంతా బయటపడుతుంది. పక్క సీటువాళ్లు మీ మెయిల్ చదవొచ్చు. మానిటర్ ఆపి రాగలిగితేనే ఆ పని చేయండి.

ఆటోమేటిక్ లాగిన్ పెట్టారా? షేరింగ్ పాస్‌వర్డ్ కీరింగ్‌లో దాక్కుని ఉంటుంది. మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తేనే కీరింగ్ తెరుచుకుంటుంది. ఆటోమేటిక్ లాగిన్‌లో ఎవరూ పాస్‌వర్డ్ కొట్టరు, అది మూసే ఉంటుంది, రిమోట్ నిరాకరిస్తుంది. కీరింగ్ పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టమని సలహా ఇస్తారు. అప్పుడు బ్రౌజర్ పాస్‌వర్డ్‌లకూ తాళం లేనట్టే. ఆటోమేటిక్ లాగిన్ తీసేయడం మేలు.

## 7. తెర వచ్చాక తగిలే చిన్న గొడవలు

రిమోట్‌లో క్రోమ్ నొక్కితే ఏమీ రాదు. ఒకే యూజర్‌తో రెండు సెషన్లు నడుపుతుంటే ఇది తప్పదు. క్రోమ్ ఆ ప్రొఫైల్‌తో ఇంకోచోట నడుస్తోందని చూసి, కొత్త విండోను అక్కడే తెరుస్తుంది. ఇంట్లో మీరు ఐకాన్ మీద ఐదుసార్లు నొక్కితే, ఆఫీసులో ఖాళీ మానిటర్ మీద ఐదు విండోలు వరసగా తెరుచుకుని ఉంటాయి. మందు: అక్కడి క్రోమ్‌ను ఎస్ఎస్‌హెచ్‌లోంచి ముగించడం, లేదా --యూజర్-డేటా-డిర్ ఇచ్చి వేరే ప్రొఫైల్ ఫోల్డర్‌తో తెరవడం. సింగిల్టన్‌లాక్ అనే ఫైలును తుడిచేయమని చెప్పేవాళ్లుంటారు. రెండు క్రోమ్‌లు ఒకే ప్రొఫైల్ మీద రాస్తే ప్రొఫైల్ పాడవుతుంది, ఆ పని చేయకండి.

లాగిన్ కాగానే కలర్ మేనేజ్డ్ డివైస్ కోసం పాస్‌వర్డ్ అడుగుతుంది. మానిటర్ ముందు కూర్చున్నవాళ్లకు పాల్‌కిట్ (ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే ప్రోగ్రాము) ఇచ్చే చనువు రిమోట్‌వాళ్లకు ఇవ్వదు. క్యాన్సిల్ కొట్టేయండి, నష్టమేమీ లేదు.

కాసేపు వదిలేస్తే ఎక్స్‌ఎఫ్‌సీఈ తెర నల్లబడి తిరిగి రాదు. లైట్-లాకర్ ఉందేమో చూడండి. అది లాక్ చేయడానికి లోకల్ లాగిన్ తెర మీద ఆధారపడుతుంది, రిమోట్‌కు అది కనిపించదు. రిమోట్ యూజర్‌కు దాన్ని సెషన్ స్టార్టప్ జాబితాలోంచి తీసేయండి.

ఆర్‌డీపీ బదులు వీఎన్‌సీ (ఇంకో రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి) వాడితే అది మొదలవదు, ఆ డిస్‌ప్లే ఇప్పటికే ఉందంటుంది. కరెంటు పోయి మెషిన్ సరిగా ఆగకపోతే పాత లాక్ ఫైలు మిగిలిపోవచ్చు. ముందు వీఎన్‌సీసర్వర్ -కిల్ :1 కొట్టి చూడండి. కుదరకపోతే /టీఎంపీలో .ఎక్స్1-లాక్ ఫైలు (ఇందులో ఎక్స్ పెద్దక్షరం) తెరవండి, లోపల ఒక ప్రాసెస్ నంబరుంటుంది. ఆ నంబరుతో ఏ ప్రాసెసూ నడవడం లేదని పీఎస్ -పీతో తేలితేనే తుడవండి. చూడకుండా తుడిస్తే, అది మీ లోకల్ డెస్క్‌టాప్‌దే కావచ్చు. :0, :1 లోకల్‌కు వదిలేసి, వీఎన్‌సీని :5 నుంచి మొదలుపెడితే ఈ తంటా ఉండదు. అప్పుడు పోర్టు 5905 అవుతుంది.

## 8. మళ్లీ కనెక్ట్ అయితే పాత విండోలు కనిపించడం లేదా?

ఎక్స్‌ఆర్‌డీపీ మామూలుగా పాత సెషన్‌నే తిరిగి ఇవ్వాలి. కానీ సెషన్ మీదే అని గుర్తుపట్టడానికి డిఫాల్ట్‌గా అది యూజర్ పేరుతో పాటు కలర్ డెప్త్‌ను కూడా చూస్తుంది. ల్యాప్‌టాప్‌లో 32 బిట్, ఫోన్ యాప్‌లో 16 బిట్ ఉంటే, రెండోసారి కొత్త సెషన్ పుట్టిస్తుంది. అంటే ఒకే యూజర్‌కు రెండు సెషన్లు, మళ్లీ మొదటి అంశంలోని గొడవే. అన్ని క్లయింట్లలోనూ ఒకే బిట్ పెట్టండి.

వదిలేసిన సెషన్లు వాటంతటవే పోవాలంటే, 5.2లో చెప్పిన ఫోల్డర్‌లోనే ఉండే సెస్‌మ్యాన్.ఐఎన్ఐలో కిల్‌డిస్‌కనెక్టెడ్‌ను ట్రూ చేసి, డిస్‌కనెక్టెడ్‌టైమ్‌లిమిట్‌కు సెకన్లు ఇవ్వండి. ఇంట్లో నెట్ తరచూ పోతుంటే 60 లాంటి చిన్న సంఖ్య పెట్టకండి, 7200 పెట్టినా తప్పులేదు. గంటలకొద్దీ నడిచే పనులను ఎలాగూ టీమక్స్‌లోనే (కనెక్షన్ పోయినా టెర్మినల్ పనిని నడుపుతూనే ఉంచే ప్రోగ్రాము) నడపండి.

## 9. ఆఫీసు నుంచి బయల్దేరేముందు

- ఫైళ్లు సేవ్ చేశారా?
- ఎక్స్‌ఆర్‌డీపీ, అదే యూజర్ అయితే: లాక్ కాదు, లాగౌట్.
- ఎక్స్‌ఆర్‌డీపీ, వేరే యూజర్ అయితే: లాక్ చేసి వెళ్లొచ్చు.
- గ్నోమ్ షేరింగ్ అయితే: లాక్ అయ్యాక కనెక్ట్ అవుతోందో లేదో ఫోన్‌లోని ఆర్‌డీపీ యాప్‌తో అక్కడే ఒకసారి చూసుకున్నారా?
- ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద ఎస్ఎస్‌హెచ్ పనిచేస్తోందా? వీపీఎన్ ఉంటే ఫోన్‌లోనూ అది ఆన్ చేసి చూడండి.
- 3389 పట్టుకున్నది మీరు అనుకున్న ప్రోగ్రామేనా?
- సీపీయూ మీద మెషిన్ పేరు రాసిన చీటీ అతికించారా? వాచ్‌మన్ కోసం.